455 ఫోటోలు, ఒక మ్యాపు: ఏరియల్ మొజాయిక్ ప్రాజెక్టు డైరీ

పని స్వరూపం

600 మీటర్ల పొడవు, 450 మీటర్ల వెడల్పు నేల. 27 హెక్టార్లు. ఈశాన్య మూలన 20 మీటర్ల గుట్ట, మధ్యలో నీటి కుంట, పడమట మట్టిరోడ్డు, దాని పక్కన రెండు రేకుల షెడ్లు, దక్షిణాన ఒక వరుస చెట్లు. దీనికి కొలతలు తీసుకోదగ్గ మొజాయిక్ మ్యాపు (పైనుంచి తీసిన ఫోటోలను కలిపి కుట్టిన మ్యాపు) కావాలి. అతుకులు కనపడని బొమ్మను ఏ పనోరమా సాఫ్ట్‌వేరైనా కుట్టి ఇస్తుంది. దాని మీద స్కేలు పెట్టి కొలిస్తే ఆ కొలత నిలుస్తుందా అన్నది వేరే సంగతి. ఈ డైరీలో ఎక్కువ పేజీలు ఆ రెండో సంగతికే పోయాయి.

సామాను: 13.2 × 8.8 మి.మీ. సెన్సారు, 5472 × 3648 పిక్సెళ్లు, 8.8 మి.మీ. ఫోకల్ లెంగ్త్, మెకానికల్ షట్టరు ఉన్న డ్రోన్ కెమెరా. ఒక ఆర్‌టీకే జీఎన్‌ఎస్‌ఎస్ రిసీవరు (ఉపగ్రహాల సాయంతో స్థానాన్ని సెంటీమీటర్లలో కొలిచే పరికరం). 32 జీబీ ర్యామ్ ఉన్న ల్యాప్‌టాప్. సాఫ్ట్‌వేర్ అంతా ఉచితంగా దొరికేదే: ఫోటోల నుంచి మ్యాపు చేసే వెబ్‌ఓడీఎం (లోపల నడిచేది ఓపెన్‌డ్రోన్‌మ్యాప్, పొట్టిగా ఓడీఎం), మ్యాపులు చూసి కొలిచే క్యూజీఐఎస్, మ్యాపు ఫైళ్లను మార్చే జీడాల్, ఫోటో వివరాలు చదివే ఎక్జిఫ్‌టూల్, ఒక ప్రయోగానికి పనోరమాలు కుట్టే హ్యూగిన్. మెటాషేప్ లాంటి డబ్బు పెట్టి కొనే వాటిలోనూ వరస ఇదే, మెనూల్లో పేర్లు మారతాయంతే.

1వ రోజు: కాగితం మీద లెక్క

ఒక్కో పిక్సెల్ నేల మీద ఎంత మేర కప్పుతుందో ముందు తేల్చుకోవాలి. సెన్సారు వెడల్పు 13.2 మి.మీ.ని 5472తో భాగిస్తే పిక్సెల్ సైజు 2.41 మైక్రాన్లు. దాన్ని ఎగిరే ఎత్తుతో గుణించి ఫోకల్ లెంగ్త్‌తో భాగిస్తే 100 మీటర్ల ఎత్తుకు 2.74 సెం.మీ. వచ్చింది. ఒక ఫోటోలో 150 × 100 మీటర్ల నేల పడుతుంది.

ఓవర్‌ల్యాప్, అంటే ఫోటోలు ఒకదాని మీదొకటి పడే మేర, ముందువెనకల 80 శాతం, పక్కల 70 శాతం. అంటే 20 మీటర్లకో ఫోటో, వరుసల మధ్య 45 మీటర్లు. 450 మీటర్ల వెడల్పుకు 11 వరుసలు సరిపోతాయి గానీ హద్దు అవతల చెరో వరుస కలిపి 13 వేశాం. ఒక్కో వరుసలో 600 మీటర్లకు 31 ఫోటోలు, ఇరు చివర్లా రెండేసి అదనం, మొత్తం 35. 13 × 35 = 455. అదనపు ఫోటోలు దండగ అనిపించవచ్చు. కానీ సరిగ్గా హద్దు మీదున్న చుక్క కూడా నాలుగైదు ఫోటోల్లో పడాలంటే ఇవి ఉండాల్సిందే. లేకపోతే మొజాయిక్ అంచు తడిగుడ్డను లాగినట్టు సాగిపోతుంది.

ఈ శాతాలన్నీ చదును నేలకు చెప్పినవి. గుట్ట నెత్తిన కెమెరాకు, నేలకు మధ్య మిగిలేది 80 మీటర్లే. అక్కడ ఫోటో 120 × 80 మీటర్లకు కుదించుకుపోతుంది, వరుసల దూరం మాత్రం అదే. ముందువెనకల ఓవర్‌ల్యాప్ 75కి, పక్కలది 62.5కి పడిపోతుంది. ఇది సర్దుకోదగ్గదే. గుట్ట 40 మీటర్లుంటే పక్కల ఓవర్‌ల్యాప్ 50కి దిగేది, అప్పుడు నేల ఎత్తును అనుసరించి ఎగిరేలా ప్లాన్ మార్చక తప్పేది కాదు. గుట్టలున్న చోట మొజాయిక్‌లో బొక్కలు పడటానికి చాలాసార్లు ఈ లెక్క వేయకపోవడమే కారణం. నింద మాత్రం సాఫ్ట్‌వేర్ మీద పడుతుంది.

వేగం సెకనుకు 8 మీటర్లు, అంటే 2.5 సెకన్లకో ఫోటో. షట్టరు 1/1000 సెకను దగ్గర పెడితే ఆ క్షణంలో డ్రోన్ కదిలేది 8 మి.మీ., పిక్సెల్‌లో మూడో వంతు కూడా కాదు. అదే 1/200 అయితే 4 సెం.మీ., అంటే పిక్సెల్‌న్నర మసక. రోలింగ్ షట్టరు కెమెరాతో ఇంకో చిక్కుంది. సెన్సారును పైనుంచి కిందికి చదవడానికి 40 మిల్లీసెకన్లు పట్టిందనుకుంటే ఆ లోపు డ్రోన్ 32 సెం.మీ. ముందుకు పోతుంది, అంటే 12 పిక్సెళ్ల వంపు. అలాంటి కెమెరా అయితే వేగం తగ్గించాలి, ఓడీఎంలో రోలింగ్ షట్టర్ ఆప్షన్ ఆన్ చేయాలి.

2వ రోజు: గుర్తులు పెట్టడం, ఎగరేయడం

60 × 60 సెం.మీ. పలకలు 10, ఒక్కోదాని మీద నలుపు, లేతబూడిద రంగు గళ్లు నాలుగు. ఫోటోలో పలక 22 పిక్సెళ్ల వెడల్పు వస్తుంది, గళ్లు కలిసే నడిబిందువును తేలిగ్గా నొక్కొచ్చు. తెల్ల పెయింటు వాడలేదు. ఎండలో తెలుపు పొంగి పక్క గడిలోకి పాకుతుంది, నడిబిందువు రెండు మూడు పిక్సెళ్లు జరిగిపోతుంది. మెరిసే పెయింటు అసలే వద్దు.

పదింటిలో ఆరు కంట్రోల్ పాయింట్లు, నాలుగు చెక్ పాయింట్లు. రిసీవరుతో కొలిచిన కంట్రోల్ పాయింట్ల స్థానాలను సాఫ్ట్‌వేర్‌కు ఇస్తాం. చెక్ పాయింట్లను దాచిపెట్టి చివర్లో దాని జవాబును వాటితో సరిచూస్తాం. పదీ ఇచ్చేస్తే తప్పు పట్టుకునే దారి మన చేతిలో ఉండదు. నాలుగు మూలల్లో నాలుగు కంట్రోల్ పాయింట్లు, అన్నీ హద్దుకు 30 మీటర్లు లోపలే. నడుమ ఒకటి, గుట్ట మీద ఒకటి. అన్నీ ఒకే ఎత్తులో పెడితే నిలువు కొలత గాల్లో దీపమే, అందుకే గుట్ట ఎక్కాల్సొచ్చింది. చెక్ పాయింట్లను వీటి మధ్య ఖాళీల్లో పరిచాం.

కెమెరాలో అన్నీ చేతి సెట్టింగులే. వైట్ బ్యాలెన్స్ ఎండకు స్థిరం, ఐఎస్‌ఓ 100. ఫోకస్‌ను ఒకసారి దూరానికి కుదిర్చి లాక్ చేశాం. ప్రతి ఫోటోకూ ఫోకస్ మారితే లెన్సు లెక్క కూడా ప్రతిసారీ కొద్దికొద్దిగా మారుతుంది, సాఫ్ట్‌వేరేమో అన్ని ఫోటోలకూ కెమెరా ఒక్కటే అనుకుంటుంది. కెమెరాలో ఆటోమేటిక్ లెన్సు కరెక్షన్ ఉంటే ఆపేయాలి. వంపును సాఫ్ట్‌వేరే కనిపెట్టి సరిచేసుకుంటుంది, ఎవరో సగం సరిచేసిన ఫోటో దాని దారికి అడ్డం.

ఎగిరింది పదకొండు దాటాక, రెండు బ్యాటరీలు పట్టాయి. మధ్యలో ఒక మబ్బు కుంట మీదుగా పోయింది. నీడ ఒక వరుసలో ఉండి పక్క వరుసలో లేదు. దాని ఫలితం 10వ రోజు చూడొచ్చు.

కదిలే ముందు అక్కడే వెబ్‌ఓడీఎంలో ఫాస్ట్ ఆర్థోఫోటో ఆప్షన్‌తో, ఫోటోలు కుదించి, 10 సెం.మీ. రిజల్యూషన్‌కు ఒక రన్ వేశాం. ఇది దట్టమైన పాయింట్ క్లౌడ్ (నేల ఆకారాన్ని చెప్పే చుక్కల గుంపు) తయారీని దాటేస్తుంది కాబట్టి తొందరగా తేలుతుంది. కొలతలకు పనికిరాదు గానీ బొక్కలున్నాయో లేదో చెబుతుంది. బొక్క ఇంటికొచ్చాక కనపడితే మళ్లీ ప్రయాణం, మళ్లీ వేరే ఎండ.

3వ రోజు: ఏరివేత

455 ఫోటోలను ఒక్కొక్కటే కళ్లతో చూడనక్కర్లేదు. జేపెగ్ ఫైళ్లను సైజు వారీగా పేర్చి, ఇరుగుపొరుగు ఫోటోల కన్నా ఉన్నట్టుండి చిన్నగా ఉన్న వాటిని తెరిస్తే చాలు. మసక ఫోటోలో సన్నటి వివరం ఉండదు, అందుకే అది తక్కువ చోటులో ఇమిడిపోతుంది. ఈ పద్ధతికి కుంట మీది ఫోటోలు కూడా దొరికిపోతాయి, అవి మసక కాదు, నీళ్లలో వివరమే తక్కువ. చూసి వదిలేయాలి. మలుపు దగ్గర డ్రోన్ ఒరిగినప్పుడు తీసిన 9 మసక ఫోటోలు తీసేశాం. మిగిలినవి 446.

ఎక్జిఫ్‌టూల్‌తో అక్షాంశం, రేఖాంశం, ఎత్తు, సమయం, ఫోకల్ లెంగ్త్ ఒక పట్టికగా తీసి ఖాళీ గడులున్నాయేమో చూశాం, లేవు. ఫోటోలను చాట్ యాప్‌లో పంపుకుంటే ఎక్జిఫ్ (ఫోటో ఫైల్లోనే ఉండే ఈ వివరాలు) చాలాసార్లు కొట్టుకుపోతుంది, పైగా బొమ్మ కుదించుకుపోతుంది. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో తిప్పి సేవ్ చేసినా ప్రమాదమే. కార్డులోంచి నేరుగా కాపీ చేసుకుని, ఆ అసలు ఫోల్డరును రీడ్ ఓన్లీగా పెట్టి, పని అంతా నకలు మీదే చేయాలి.

4వ రోజు: పనోరమా పద్ధతి ఎక్కడ తప్పుతుందంటే

ఒకే వరుసలోని 35 ఫోటోలను హ్యూగిన్‌కు ఇచ్చాం. పనోరమా లెక్కలో కెమెరా ఒక్క చోటే నిలబడి తల తిప్పుతుంది. మన కెమెరా తల తిప్పలేదు, 680 మీటర్లు నడిచింది. హ్యూగిన్‌లో కెమెరా జరుగుడును కూడా లెక్కలోకి తీసుకునే మొజాయిక్ పద్ధతి ఉంది, దాన్నే వాడాం. పొడుగాటి పట్టీ వచ్చింది, అతుకులు వెతికినా దొరకవు. మొదటి 100 మీటర్లను ప్రమాణంగా తీసుకుని కొలిస్తే పట్టీ రెండో చివర 9 మీటర్లు తేడా. ప్రతి అతుకు దగ్గరా తప్పిన రవ్వంత తప్పు తర్వాతి ఫోటో నెత్తిన కూర్చుంటూ పోయింది.

రెండో లోపం షెడ్డు దగ్గర బయటపడింది. ఈ పద్ధతికి నేలంతా ఒకే చదును పలక. కెమెరాకు సరిగ్గా కింద లేని ఎత్తైన వస్తువు ఫోటోలో బయటి వైపుకు ఒరుగుతుంది. 10 మీటర్ల ఎత్తు గోడ కెమెరా నడిమి నుంచి 50 మీటర్ల దూరంలో ఉంటే, 100 మీటర్ల ఎత్తు నుంచి దాని పైకొస నేల మీద దాదాపు 5.5 మీటర్లు అవతలికి పడుతుంది. బొమ్మలో అది అందంగానే ఉంటుంది, తప్పు చోట ఉంటుంది.

కాబట్టి ప్రతి పిక్సెల్‌నూ దాని నిజమైన ఎత్తు తెలుసుకుని సరైన చోటికి జరిపే ఆర్థో పద్ధతే దారి. హ్యూగిన్ ఫోల్డరు మూసేశాం.

5వ రోజు: 137

446 ఫోటోలతో పూర్తి రన్. కొన్ని గంటలు నడిచి పాయింట్ క్లౌడ్ దశలో ఆగిపోయింది. లాగ్ చివర 137 అన్న అంకె. ఇది ఓడీఎం సొంత కోడ్ కాదు. మెమొరీ అయిపోయి ఆపరేటింగ్ సిస్టమ్ ప్రోగ్రామును చంపేస్తే వచ్చే సంఖ్య: 128కి చంపే సంకేతం 9 కలిపితే 137.

ల్యాప్‌టాప్‌లో 32 జీబీ ఉంది, 500 ఫోటోల దాకా అది సరిపోవాలి. చూస్తే వెబ్‌ఓడీఎంను నడిపే డాకర్ ప్రోగ్రాముకు దక్కింది 16 జీబీయే. విండోస్ మీద డాకర్ నడిచే లినక్స్ పొరకు మామూలుగా యంత్రం మెమొరీలో సగమే ఇస్తారు. 16 జీబీకి 250 ఫోటోలు దాటితే కష్టం. ఆ పొర సెట్టింగుల ఫైల్లో మెమొరీ 28 జీబీ, స్వాప్ (మెమొరీ చాలనప్పుడు డిస్కులోంచి వాడుకునే చోటు) 32 జీబీ అని రాసి మళ్లీ మొదలుపెట్టాం. సాంతం మళ్లీ నడపనక్కర్లేదు, ఆగిన దశ నుంచే మొదలుపెట్టమని చెప్పొచ్చు. ఫోటోలు వందలు వందలుగా ఉంటే స్ప్లిట్ ఆప్షన్ ఉంది. ముక్కలుగా నడిపి చివర్లో కలుపుతుంది, ముక్కల మధ్య ఓవర్‌ల్యాప్ మామూలుగా 150 మీటర్లు.

6వ రోజు: నేల ఉబ్బింది

కంట్రోల్ పాయింట్లు ఇవ్వకుండా, ఫోటోల్లోని జీపీఎస్ మీదే ఆధారపడి రన్ పూర్తయింది. మొజాయిక్ చూడ్డానికి లోపం లేదు. మొత్తం మ్యాపు తూర్పు వైపు 2 మీటర్లకు పైగా జరిగి ఉంది, అది ఊహించిందే. మామూలు జీపీఎస్‌కు ఆ మాత్రం తేడా సహజం, మొత్తాన్ని ఒకేసారి జరిపితే పోతుంది.

జరిపినా పోనిది ఎత్తులో ఉంది. పది పలకల దగ్గర మోడల్ ఎత్తునూ రిసీవరు ఎత్తునూ తీసివేస్తే, సగటు తేడాను పక్కన పెట్టాక, మూలల్లో మైనస్ 35 సెం.మీ., నడుమ ప్లస్ 28. నేల బోర్లించిన పళ్లెంలా ఉబ్బింది. అన్ని ఫోటోలూ నిట్టనిలువుగా, ఒకే ఎత్తు నుంచి తీస్తే లెన్సు వంపు ఏదో, నేల వంపు ఏదో సాఫ్ట్‌వేర్ విడదీయలేదు. లెన్సు వంపును రవ్వంత తప్పుగా ఊహించి, ఆ తప్పును నేల మీద రుద్దుతుంది. రెండు తప్పులూ ఒకదాన్నొకటి కప్పుకుంటాయి కాబట్టి సాఫ్ట్‌వేర్ రిపోర్టులో రీప్రొజెక్షన్ ఎర్రర్ చక్కగా 1 పిక్సెల్ లోపే కనపడుతుంది. ఆ అంకెను చూసి మ్యాపు బాగుందని తేల్చేవాళ్లు ఎక్కువ, అది చెప్పేది ఫోటోలు ఒకదానితో ఒకటి పొసగాయని మాత్రమే.

మందు: కొన్ని వంగిన ఫోటోలు. కెమెరాను నిలువు నుంచి 20 డిగ్రీలు వంచి, మొదటి వరుసలకు అడ్డంగా 120 మీటర్ల ఎడంతో 6 వరుసలు, ఒక్కోదాంట్లో 30 మీటర్లకొకటి చొప్పున 16. మొత్తం 96 ఫోటోలు. పలకలు ఇంకా నేల మీదే ఉన్నాయి కాబట్టి బతికిపోయాం. నీడలు కలవడానికి అదే గంటకు ఎగరేశాం.

7వ రోజు: అద్దంలో మ్యాపు

కంట్రోల్ పాయింట్ల ఫైలు. మొదటి వరుసలో ప్రొజెక్షన్ (గుండ్రటి భూమిని చదును మ్యాపు మీదికి దించే పద్ధతి) కోడ్. తర్వాత ప్రతి వరుసలో తూర్పు దూరం, ఉత్తర దూరం, ఎత్తు, ఫోటోలో అడ్డం పిక్సెల్, నిలువు పిక్సెల్, ఫోటో పేరు, పాయింటు పేరు. మేం వాడింది యూటీఎం, భూమిని జోన్లుగా విడదీసి మీటర్లలో కొలిచే ప్రొజెక్షన్. దాని జోన్ తెలియకపోతే రేఖాంశానికి 180 కలిపి, 6తో భాగించి, పూర్ణసంఖ్యకు 1 కలపాలి. ఆ జోన్ అంకెకు ముందు, ఉత్తరార్ధగోళమైతే 326, దక్షిణమైతే 327 చేరిస్తే ఈపీఎస్‌జీ కోడ్, అంటే మొదటి వరుసలో రాయాల్సిన కోడ్. కనీసం 5 పాయింట్లు, ఒక్కోటి కనీసం 3 ఫోటోల్లో గుర్తించాలి. మేం 6 పాయింట్లను 8 ఫోటోల చొప్పున గుర్తించాం, 48 వరుసలు. పలక ఫోటో అంచులో పడిన చోట నొక్కలేదు, లెన్సు వంపు ఎక్కువుండేది అక్కడే.

రన్ అయ్యాక రిపోర్టులో కంట్రోల్ పాయింట్ల తేడా వందల మీటర్లు. పిక్సెళ్లన్నీ రెండుసార్లు సరిచూశాం, తప్పు లేదు. తప్పు మొదటి రెండు గడుల్లో ఉంది: రిసీవరు ఉత్తర దూరాన్ని ముందు రాసి ఇచ్చింది. రెండూ తారుమారైతే మ్యాపు ఎక్కడికో ఎగిరిపోవడమొక్కటే కాదు, అద్దంలో చూసినట్టు తిరగబడుతుంది. మోడల్‌ను జరపడం, తిప్పడం, పెంచడం, తగ్గించడం సాఫ్ట్‌వేర్ చేయగలదు. అద్దంలోకి తిప్పే వీలు దానికి లేదు, అందుకే ఏ రకంగా తిప్పినా పొసగలేదు. తేడా ఇంత భారీగా ఉంటే ఒక్క పాయింటు తప్పు నొక్కామా అని వెతకడం కన్నా గడుల వరస చూడటం మేలు.

ఎత్తు దగ్గర ఇంకో ఉచ్చు ఉంది. రిసీవరు ఇచ్చేది ఎలిప్సాయిడ్ (భూమి ఆకారానికి లెక్కల్లో వాడే నునుపైన గుండు) మీది ఎత్తు, మ్యాపుల్లో వాడేది ఎక్కువగా సముద్రమట్టం నుంచి ఎత్తు. చోటును బట్టి ఆ రెంటి మధ్య పదుల మీటర్లు, కొన్నిచోట్ల 100 మీటర్ల దాకా తేడా ఉంటుంది. ఏదో ఒకటి పట్టుకుని ఫైలు పొడవునా అదే రాయాలి.

8వ రోజు: చెక్ పాయింట్లు

446 నిలువు ఫోటోలు, 96 వంగినవి, మొత్తం 542. ఆరు కంట్రోల్ పాయింట్లు. స్వాప్ తోడు లేకపోతే ఈ రన్ కూడా 137తోనే ముగిసేది. దాచిన నాలుగు చెక్ పాయింట్లను క్యూజీఐఎస్‌లో మొజాయిక్ మీద నొక్కి రిసీవరు విలువలతో పోల్చాం. తేడాలు సెంటీమీటర్లలో, ముందు తూర్పు, తర్వాత ఉత్తరం, తర్వాత ఎత్తు:

మొదటిది 2, −3, 4
రెండోది −1, 2, −6
మూడోది 3, 1, 5
నాలుగోది −2, −2, −3

అడ్డం తేడాల వర్గాలు 13, 5, 10, 8. మొత్తం 36, నాలుగుతో భాగిస్తే 9, వర్గమూలం 3 సెం.మీ. ఒక పిక్సెల్ కన్నా కాస్త ఎక్కువ. ఎత్తులో 4.6 సెం.మీ., పావు తక్కువ రెండు పిక్సెళ్లు అనుకోవచ్చు. పిక్సెల్, రెండు పిక్సెళ్లలో అడ్డం కొలత నిలిస్తే ఈ పద్ధతికి అది మంచి ఫలితమే. పళ్లెం ఉబ్బు పోయింది: తేడాల ప్లస్, మైనస్ గుర్తులు నడుమ ఒకలా, అంచుల్లో ఒకలా లేవు, కలగలిసి ఉన్నాయి. సగటు అంకె కన్నా ఆ గుర్తుల వరసే ఎక్కువ చెబుతుంది.

9వ రోజు: షెడ్ల అంచులు, చెట్లు

షెడ్డు చూరు నిటారు గీతలా రాలేదు, రంపపు పళ్లలా వచ్చింది. పాయింట్ క్లౌడ్ రేకు అంచు దగ్గర ఉన్నట్టుండి 5 మీటర్లు కిందికి దిగాలి, పలచటి మెష్ (చుక్కలను కలిపి అల్లిన వల) అక్కడ నునుపుగా జారిపోయింది. ఆ జారుడు మీద ఫోటో పరిస్తే గీత వంకర పోతుంది. పాయింట్ క్లౌడ్ క్వాలిటీ మీడియం నుంచి హైకి, మెష్ ఎంత సన్నగా అల్లాలో చెప్పే ఆక్ట్రీ లోతు 11 నుంచి 12కి, మెష్ సైజు 2 లక్షల నుంచి 3 లక్షలకు పెంచాం. సమయం రెట్టింపు దాటింది, వంకర దాదాపు సగానికి తగ్గింది. పూర్తిగా పోలేదు.

చెట్ల వరుస ఇంకా మొండిది. కెమెరా 20 మీటర్లు జరిగితే ఆకుల మధ్య సందులన్నీ మారిపోతాయి, పైగా గాలి. ఒక ఫోటోలోని ఆకు పక్క ఫోటోలో దొరకదు. ప్రతి ఫోటోలో వెతికే గుర్తుల, అంటే ఫీచర్ల, కనీస సంఖ్యను 10000 నుంచి 20000కు పెంచితే కొంత నయం. నిజమైన మందు ఇంకా ఎత్తులో ఎగరడం: చెట్టు చిన్నదవుతుంది, చూసే కోణం నెమ్మదిగా మారుతుంది, ఆకులు కలిసిపోయి గుబురు ఆకారమే గుర్తుగా పనికొస్తుంది. వివరం కోసం కిందికి దిగితే చెట్లు ఇంకా పాడవుతాయి, ఇది మొదటిసారి వినేవాళ్లకు తలకిందులుగా తోస్తుంది. ఈ ప్రాజెక్టులో చెట్ల కొమ్మల కొలత అవసరం లేదు కాబట్టి అక్కడితో ఆపాం.

10వ రోజు: అతుకుల దారి

2వ రోజు మబ్బు నీడ ఇప్పుడు లెక్క అడిగింది. కుంటకు ఉత్తరాన రెండు ఫోటోల మధ్య అతుకు నేల మధ్యలోంచి పోయి, ఒకవైపు ముదురు, ఒకవైపు లేత. రంగులు సర్దితే నీడలో ఉన్న నేల ఎండలో ఉన్నట్టు కాదు, పాలిపోయినట్టు అవుతుంది. నీడ పడిన 4 ఫోటోలను టెక్స్చరింగ్ (ఆకారం మీద ఫోటో పరిచే దశ) నుంచి తప్పిస్తే పోయింది. 80 శాతం ఓవర్‌ల్యాప్ ఉంది కాబట్టి ఆ నేల మిగతా ఫోటోల్లో దొరికింది.

1921లో ఏరియల్ కెమెరాల తయారీదారు షెర్మన్ ఫెయిర్‌చైల్డ్ న్యూయార్క్‌లోని మన్‌హటన్ మొజాయిక్ చేసినప్పుడు దాదాపు 100 ఫోటోలు పట్టాయి. కాగితం మొజాయిక్‌ల కాలంలో అతుకు దాచడానికి ఫోటో అంచును కత్తిరించేవారు కాదు, వెనక్కి చింపి పలచన చేసి అతికేవారు. సాఫ్ట్‌వేర్ నాలుగైదు పిక్సెళ్ల మేర రెండు ఫోటోలను కలపడం ఆ చింపుడుకు తమ్ముడే. అతుకు ఎటు పోవాలన్న సంగతీ అప్పటిదే: రోడ్డు అంచు, గట్టు, పొదల వెంట పోనివ్వాలి, రేకు మధ్యలోంచి కాదు. ఓడీఎంలో కట్‌లైన్ ఆప్షన్ ఇలాంటి దారి వెతికి గీతను ఫైలుగా ఇస్తుంది.

11వ రోజు: కుంట

90 × 70 మీటర్ల నీళ్లు. మొజాయిక్‌లో అక్కడ చిరిగిన అతుకులు, నడుమ నల్లటి బొక్క. అలలు కదులుతాయి, తళుకు కదులుతుంది, రెండు ఫోటోల్లో ఒకే గుర్తు దొరకదు. ఎన్ని సెట్టింగులు మార్చినా నీళ్ల మీద ఇది తీరదు, చేత్తో కూర్చాల్సిందే.

నీటి మట్టం నిజంగానే చదును పలక. 4వ రోజు పనోరమా పద్ధతి నేలంతా పలక అనుకుని తప్పింది, కుంట మీద ఆ ఊహే నిజమవుతుంది. లెన్సు వంపు తీసేసిన ఒక్క ఫోటోను ప్రొజెక్టివ్ పద్ధతిలో (ఏటవాలుగా కనపడే చదును పలకను సరిచేసే లెక్కతో) కూర్చితే లెక్క పక్కాగా సరిపోవాలి. వంపు తీసిన ఫోటోలు విడిగా చేసుకోనక్కర్లేదు, ఓడీఎం పని ఫోల్డర్లో ఓపెన్‌ఎస్‌ఎఫ్‌ఎం కింద అన్‌డిస్టార్టెడ్ అన్న చోట ఉంటాయి.

ఏ ఫోటో? కుంట మొత్తం పట్టి, సూర్యుడి తళుకు నీళ్ల మీద పడనిది. ఈ కెమెరా చూపు అడ్డంగా నిలువు నుంచి 36.9 డిగ్రీల దాకా పోతుంది. సూర్యుడు 53 డిగ్రీల కన్నా పైనుండి, ఆ వైపే ఉంటే తళుకు ఫోటోలో పడుతుంది. నీడలు పొట్టిగా ఉండాలని నడినెత్తి ఎండలో ఎగిరితే కుంటకు ఇది శిక్ష. అయిదు ఫోటోల్లో తళుకు గట్టు మీద పడినది ఒకటి దొరికింది.

దీనికి వాడింది క్యూజీఐఎస్ జియోరెఫరెన్సర్, బొమ్మను మ్యాపు మీద సరైన చోట కూర్చే పనిముట్టు. పాయింట్ల నిర్దేశాంకాలు 8వ రోజు మొజాయిక్ నుంచే. మొదట గట్టు మీది రాళ్లను గుర్తుగా తీసుకున్నాం, రెసిడ్యువల్స్ (కూర్చాక పాయింట్ల దగ్గర మిగిలిన తేడాలు) 20, 30 పిక్సెళ్లు. గట్టు నీళ్ల కన్నా 2 మీటర్లు ఎత్తు. నడిమి నుంచి 40 మీటర్ల దూరంలో ఆ ఎత్తుకు పాయింటు నేల మీద 80 సెం.మీ. అవతలికి జరుగుతుంది. అంటే పలక మీద లేని పాయింట్లతో పలక లెక్క కట్టాం. వాటిని తీసేసి, సరిగ్గా నీటి అంచున తేలిన రాళ్లు, పైపు మూతి, మెట్టు చివర కలిపి 7 పాయింట్లు తీసుకుంటే సగటు 1.6 పిక్సెళ్లకు దిగింది, అంటే 4.4 సెం.మీ.

ప్రొజెక్టివ్‌కు 4 పాయింట్లు చాలు గానీ నాలుగే పెడితే రెసిడ్యువల్ ఎప్పుడూ సున్నా వస్తుంది. బొమ్మను రబ్బరులా సాగదీసే థిన్ ప్లేట్ స్ప్లైన్‌కూ అదే గుణం, ఎన్ని పాయింట్లిచ్చినా అన్నింటినీ తాకుతూ పోతుంది. రాయిని తప్పు చోట నొక్కినా సున్నాయే. అందుకే స్ప్లైన్ దగ్గరికి పోలేదు.

తర్వాత నీటి అంచుకు మీటరు లోపలగా పాలిగాన్ గీసి, జీడాల్‌తో ఆ గీతకు కత్తిరించి, 15 పిక్సెళ్ల మేర అంచు కలిపాం. ఫైళ్లను నిజంగా కలపకుండా జాబితాగా పేర్చే వర్చువల్ మొజాయిక్‌లో ఫైళ్ల వరస ముఖ్యం, చివర రాసింది పైన కూర్చుంటుంది. కుంట ముక్క చివర రావాలి.

12వ రోజు: ఫైలు తయారీ

3 సెం.మీ. పిక్సెల్‌కు 20000 × 15000, అంటే 30 కోట్ల పిక్సెళ్లు. మూడు రంగులు, ఆల్ఫా (ఎక్కడ బొమ్మ, ఎక్కడ ఖాళీ అని చెప్పే పొర) కలిపి 1.2 జీబీ. క్లౌడ్ ఆప్టిమైజ్డ్ టిఫ్‌గా (నెట్‌లో కావాల్సిన ముక్కే తెరవగల ఫైలుగా), జేపెగ్ 85 క్వాలిటీతో, 2, 4, 8, 16 రెట్ల ఓవర్‌వ్యూలతో (ముందే కుదించి పెట్టిన నకళ్లతో) 110 ఎంబీకి దిగింది. ఓవర్‌వ్యూలకు సగటు పద్ధతి వాడాలి, దగ్గరి పిక్సెల్ పద్ధతిలో రేకుల గీతలు మెరుస్తూ చెదురుతాయి. ఖాళీ చోటును సున్నా విలువతో గుర్తించి జేపెగ్ చేస్తే హద్దు చుట్టూ నల్లటి నూగు వస్తుంది, ఎందుకంటే జేపెగ్ సున్నాను సున్నాగా ఉంచదు. ఆల్ఫాను విడి మాస్కుగా మారిస్తే ఆ బాధ లేదు.

బ్రౌజర్‌లో చూడటానికి ముక్కలుగా కోసిన వెబ్ టైల్స్ జూమ్ 22 దాకా చేశాం, భూమధ్యరేఖ దగ్గర ఆ జూమ్‌లో పిక్సెల్ 3.7 సెం.మీ. ఆ టైల్స్ వాడే వెబ్ మెర్కేటర్ ప్రొజెక్షన్ కాపీ చూడటానికే, దాని మీద విస్తీర్ణం కొలవకూడదు. 60 డిగ్రీల అక్షాంశం దగ్గర అందులో పొడవు రెట్టింపు, విస్తీర్ణం నాలుగు రెట్లు కనపడుతుంది. కొలతలకు యూటీఎం ఫైలే.

దాచిన సామగ్రి: 551 అసలు ఫోటోలు, కంట్రోల్ ఫైలు, చెక్ పాయింట్ల పట్టిక, కెమెరా పారామీటర్ల ఫైలు, ఓడీఎం వెర్షన్, వాడిన ఆప్షన్ల జాబితా, కుంట పాలిగాన్. మెటాడేటాలో రెండు వాక్యాలు అదనంగా చేరాయి. ఒకటి, కుంట లోపలి బొమ్మ ఒకే ఫోటోదని, అక్కడి ఎత్తు మోడల్ నమ్మదగ్గది కాదని. రెండోది, తూర్పు షెడ్డు చూరు వెంట ఇంకా 8 పిక్సెళ్ల వంకర ఉందని, షెడ్డు కొలత కావాలంటే చూరు కాకుండా గోడ మొదలు పట్టి కొలవమని.